మిరపకాయలు మింగిన కారు

మా బావగారికి గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలున్నాయి. ఆయనకు మాత్రం కారం పడదు. కడుపులో మంట. పొద్దున ఓట్సు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మళ్ళీ ఓట్సు. చుట్టుపక్కల ఊళ్ళ కారమంతా ఆయన గోడౌన్లలో చల్లగా పడుకుని ఉంటే, ఆయన ఇంట్లో చప్పిడి తిండి తింటూ గోడంత టీవీలో కార్ల వీడియోలు చూస్తుండేవారు. చూసి చూసి ఒకటి కొనేశారు.

ఆయన మా అక్క భర్త. నేను గుంటూరు పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఏళ్ళ తరబడి బోర్డు మీద టర్బోఛార్జర్ బొమ్మ వేస్తున్నాను గానీ, పని చేస్తున్న టర్బో పక్కన నిలబడింది ఒక లారీ షెడ్డులో ఒక్కసారే. అయినా మా ఇంట్లో నేనే టెక్నికల్. మిక్సీ ఆగినా, ఇన్వర్టర్ కూత పెట్టినా ఫోను నాకే వస్తుంది. కారు సంగతిలోనూ బావగారు నన్నే పక్కన కూర్చోబెట్టుకున్నారు.

అది షోరూముకు వెళ్ళి కొనుక్కునే కారు కాదు. ప్రపంచం మొత్తానికి కొన్ని వందలు మాత్రమే చేసి ఆపేస్తారట. డబ్బుంటే చాలదు, కంపెనీవాళ్ళు మనల్ని ఎంచుకోవాలి. అందుకని వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. బావగారు పైన సూటు, కింద లుంగీతో కూర్చున్నారు. తెర మీద ఒక దొర ఎంతో మర్యాదగా, మీరు ఈ కారును ఎందుకు కోరుకుంటున్నారని అడిగాడు. ఆ ప్రశ్న నేను తెలుగులో చెప్పాను.

"మా వియ్యంకుడు పోయినేడు పెద్ద కారు కొన్నాడని చెప్పు," అన్నారు బావగారు.

చిన్నప్పటి నుంచీ ఆయనకు యంత్రాలంటే ప్రాణం అని నేను ఇంగ్లీషులో చెప్పాను. దొర కెమెరా ముందు చేతులు జోడించాడు. అలా మా బావగారు ఎంపికయ్యారు.

కారుకు ఒక వరుస సంఖ్య ఇచ్చారు. దాన్ని చిన్న రేకు మీద చెక్కి లోపల బిగిస్తారు. ఆ అంకెలు కూడితే ఎనిమిది వచ్చింది. అది శని సంఖ్య అని బావగారు ఆ పూట ఓట్సు కూడా ముట్టలేదు. నంబరు మార్చమని కంపెనీకి నా చేత మెయిలు రాయించారు. శని గురించి దొరలకు వివరించేంత ఇంగ్లీషు నా దగ్గర లేదు. మా ప్రాంతపు గ్రహస్థితికి ఈ సంఖ్య సరిపడదని రాశాను. ఎడారి ఎండలోనూ మంచు మీదా కారును పరీక్షించామనీ, మా ప్రాంతం గురించి బెంగ పెట్టుకోవద్దనీ జవాబు వచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకు మూసిన లారీలో కారు దిగింది. ఎర్రగా, బల్లపరుపుగా, నా నడుము ఎత్తు కన్నా కాస్త ఎక్కువ ఉందంతే. చూసిన వాళ్ళంతా ముందు చేసిన పని వంగడం. మా అక్క ఒకసారి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లోపల కూర్చుంది. బయటికి రావడానికి ఇద్దరు పనిమనుషులు చేతులు పట్టి లాగాల్సి వచ్చింది. మళ్ళీ ఎక్కనని అప్పుడే చెప్పేసింది.

పూజకు వచ్చిన పంతులుగారు పసుపు కుంకాల పళ్ళెం పట్టుకుని కారు చుట్టూ తిరిగి ఆగిపోయారు.

"ఇంజను ఎటుందండి?" అని అడిగారు.

"వెనకాల," అన్నారు బావగారు.

"అయితే బొట్టు వెనకాలే పెట్టమంటారా?"

"ముందు కూడా రెండు కరెంటు మోటార్లున్నాయండి," అన్నాను నేను. "ఇంకొకటి ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్యలో ఉంది."

ఆయన నిట్టూర్చి ఉన్న కుంకమంతా కారు చుట్టూ ఖర్చు పెట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్టార్ట్ చేసి ముందుకు పోనివ్వమన్నారు. కారు కరెంటు మీద చప్పుడు లేకుండా కదిలి నిమ్మకాయలు తొక్కేసింది. ఎప్పుడు స్టార్ట్ చేస్తారా అని ఆయన హారతి పట్టుకుని ఇంకా ఎదురుగానే నిలబడి ఉన్నారు. మా అక్క ఆయన ఉత్తరీయం పట్టుకుని పక్కకు లాగింది.

ఆ నెలంతా చుట్టాల రాకపోకలు. కాఫీలవగానే బావగారు సోఫాలో వెనక్కి వాలి, "అమ్మాయ్, చెప్పు" అనేవారు. నేను క్లాసులో చెప్పినట్టే చెప్పేదాన్ని. ఇందులో ఎనిమిది సిలిండర్ల ఇంజనుంది, దానికి రెండు టర్బోలు. టర్బో అంటే ఇంజను వదిలిన పొగ తోపుకే తిరుగుతూ ఇంజనులోకి గాలిని కుక్కే పంకా. అది ఊపందుకోవడానికి ఒక రెప్పపాటు పడుతుంది. ఆ రెప్పపాటు కూడా ఓర్చుకోలేని వాళ్ళ కోసం మోటార్లు పెట్టారు. కాలు నొక్కగానే ముందు మోటార్లు లాగుతాయి, ఈలోగా ఇంజను అందుకుంటుంది. బ్రేకు వేస్తే అవే మోటార్లు డైనమోల్లాగా మారి బ్యాటరీలోకి కరెంటు పంపుతాయి.

మా పెదనాన్న ఒకరోజు ఇదంతా శ్రద్ధగా విన్నాడు.

"అంటే పెట్రోలు బాగా కలిసొచ్చిద్దన్న మాట. లీటరుకి ఎంతిచ్చిద్దేంటి?" అన్నాడు.

"మిగల్చడానికి కాదు పెదనాన్నా. ఇంకా తొందరగా తగలెయ్యడానికి."

"దానికి కరెంటు కూడానా?" అన్నాడాయన.

మైలేజీ మాట ఎవరెత్తినా బావగారు లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆయన చెప్పదలచుకున్న విశేషాలు వేరు. బరువు తగ్గించడానికి ఆ కారు గేరుబాక్సులో రివర్సు గేరు పెట్టలేదు. వెనక్కి పోవాలంటే ముందు మోటార్లను ఎదురు తిప్పాలి, అదీ బ్యాటరీలో కరెంటుంటేనే. ఈ సంగతి నేను ఆయనకు రెండు మూడుసార్లు నొక్కి చెప్పాను.

"మనకి వెనక్కి పోయే పనేముందిలే," అన్నారాయన.

నిజానికి ముందుకు పోయే పని కూడా దొరకలేదు. మా అక్కావాళ్ళ వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఉంది. ముక్కు తగలకుండా కారు ముందు భాగాన్ని పైకి లేపే మీట ఒకటి ఉంది గానీ, ఆ స్పీడ్ బ్రేకర్‌ను వేసినవాడు ఆ మీట తయారుచేసినవాడికన్నా పట్టుదల గలవాడు. అది దాటాక ఆటోలు. ఆటోలు దాటితే బైకుల మీద పక్కనే వస్తూ ఫోన్లలో వీడియోలు తీసే జనం. సిగ్నల్ దగ్గర ఒకాయన అద్దం మీద తట్టాడు. ముఖ్యమైన సంగతేమో అని బావగారు అద్దం దించారు. "మైలేజీ ఎంతండి?" అన్నాడు.

ప్రపంచంలోని అతి వేగమైన కార్లలో ఒకటి మా ఊళ్ళో రిక్షా వేగంతో నడిచింది. అది బావగారికి అవమానంగా తోచింది. ఎక్కడైనా ఒక్కసారి దాన్ని పూర్తిగా వదలాలి అనుకున్నారు. ఆయనకు తట్టిన చోటు ఒంగోలు వెళ్ళే దారిలో ఉంది. మార్టూరు దాటి మేదరమెట్ల వైపు వెళ్తుంటే హైవే ఒకచోట ఉన్నట్టుండి వెడల్పవుతుంది. ఆపదలో విమానాలు దిగడానికని సిమెంటుతో కట్టిన రోడ్డది. మలుపు లేదు, మిట్ట లేదు. పక్కన విమానాలు ఆపుకోవడానికి విశాలమైన సిమెంటు ఆవరణ కూడా ఉంది. విమానాలు ఎప్పుడో గానీ రావు కాబట్టి చుట్టుపక్కల రైతులు అక్కడ మొక్కజొన్న, మిరప ఎండబోసుకుంటారు.

"అది పబ్లిక్ రోడ్డు బావగారూ," అన్నాను.

"ఆదివారం పొద్దున పబ్లిక్ ఎవరుంటారే," అన్నారు.

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. కారులో రెండే సీట్లు కాబట్టి బావగారు, టెక్నికల్ హోదాలో నేను. మా అక్క ఇడ్లీల క్యారియరుతో డ్రైవరును పెట్టుకుని మామూలు కారులో ముందే వెళ్ళి, ఆ ఆవరణ దగ్గర మా కోసం కాచుకుని ఉంది.

సిమెంటు రోడ్డు మొదలయ్యే చోట బావగారు కారు ఆపారు. రోడ్డు ఖాళీగానే ఉంది. స్టీరింగు మీద చిన్న చక్రం లాంటిది ఉంది, దాన్ని తిప్పితే కారు స్వభావం మారుతుంది. మామూలుగా బ్యాటరీలో కొంత దాచుకుంటూ నడుస్తుంది. చివరి మెట్టుకు తిప్పితే దాపరికం ఏమీ ఉండదు, ఉన్నదంతా చక్రాలకు పోసేస్తుంది. ఆయన చివరి మెట్టుకు తిప్పి కాలు నొక్కారు.

ఇక్కడ నేను ఎగతాళి చేయలేను. ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసిన గీతలు నా వీపులోకి దిగాయి. మొదట మోటార్లు, చప్పుడు లేని ఒక పెద్ద తోపు. అది తగ్గుతుందేమో అనుకునేలోగా వెనక ఇంజను గొంతు విప్పింది. రెంటి మధ్యా అతుకు ఎక్కడుందో నాకు తెలియలేదు. నా మెడ సీటుకు అతుక్కుపోయింది. పొగాకు చేలు, పత్తి చేలు రంగులుగా కలిసిపోయాయి. ఇంత పని చేసిన మనుషులు ఎక్కడో ఉన్నారు, వాళ్ళు నిజంగా ఘనులు అనిపించింది. బ్రేకు వేసినప్పుడు కారు కింద నుంచి ఎవరో పట్టుకుని నేలకు అదిమినట్టు ఆగింది. నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. బావగారు నా వైపు చూసి, "ఎట్టా ఉంది?" అన్నారు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. ఆ క్షణంలో ఆయన మీద నాకు ప్రేమ కలిగింది.

రెండోసారి, మూడోసారి కూడా వెళ్ళొచ్చాం. అక్కడితో ఇడ్లీలు తిని ఇంటికి పోయి ఉంటే ఇది రాయవలసిన పనే లేదు. కానీ బావగారికి ఫొటో కావాల్సి వచ్చింది.

ఆవరణలో ఒక పెద్ద పట్టా పరిచి మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఎర్ర మిరపకాయల పక్కన ఎర్ర కారు అదిరిపోతుందని ఆయన కారును పట్టా దాకా తీసుకెళ్ళి ఆపారు. అక్క ఫోను పట్టుకుని చూసింది.

"కాయల మీద కారు నీడ పడతా ఉందండీ. కొంచెం వెనక్కి తీయండి," అంది.

బావగారు వెనక్కి వెళ్ళే మీట నొక్కారు. కారు కదల్లేదు. తెర మీద ఏదో ఎర్ర అక్షరాలు వచ్చాయి. బ్యాటరీ ఖాళీ. మూడు పరుగుల్లో ఉన్నదంతా చక్రాలకు పోసేశాం. కాసేపు ఇంజను నడిపితే మళ్ళీ ఎక్కుతుంది, ఆగండి అని నేను అంటూనే ఉన్నాను.

"ముందుకి పోయి తిప్పుకొస్తే సరి," అని ఆయన కాలు నొక్కారు.

ఆ కారు ముందు పెదవి నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. అది పట్టా అంచు కిందికి దూరింది. పట్టా చేటలాగా పైకి లేచింది. మిరపకాయలు కుప్పగా ముక్కు మీదికి వచ్చాయి. ఆయన కంగారులో బ్రేకు బదులు ఇంకాస్త పెట్రోలు తొక్కారు. కారు ఒక్క గెంతు గెంతి కుప్ప మధ్యలోకి వెళ్ళి ఆగింది.

ఆ కారు అందమంతా దాని గాలి దారుల్లో ఉంది. ముందు రెండు పెద్ద నోళ్ళు, పక్కల రెండు, పైన ఒకటి. వాటిలోంచి గాలి లోపలికి పోయి రేడియేటర్లను, టర్బోలను చల్లబరచి వెనక నుంచి బయటికి పోవాలి. బావగారు ఇంజను ఆపేశారు గానీ, ఆపినా కంప్యూటరు ఊరుకోదు. లోపల ఇంకా వేడిగా ఉందని తెలిస్తే ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు లోపల నిజంగానే వేడిగా ఉంది. ఫ్యాన్లు తిరిగాయి. గాలితో పాటు మిరపకాయలు, గింజలు, తొక్కలు లోపలికి పోయాయి. ఎర్రగా కాలిన గొట్టాల మీద పడి వేగాయి. ఆ పొగను ఏసీ భక్తిగా మా ముఖాల మీదికి ఊదింది.

ఇంట్లో ఒక ఎండుమిరపకాయ మాడితేనే వీధి దాకా తుమ్ములు వినిపిస్తాయి. అక్కడ ఎన్ని వేగాయో ఎవరు చెప్పగలరు. నాకు ఊపిరి ఆగిపోయింది. ఆ తలుపులకు పిడి ఉండదు, ఎక్కడో ఒక బొత్తాము ఉంటుంది. నేను కళ్ళు మూసుకుని దొరికినవన్నీ నొక్కాను. సీటు వెనక్కి వాలింది, వైపర్లు ఆడాయి, చివరికి తలుపు రెక్కలాగా పైకి లేచింది. బావగారు రెండో వైపు నుంచి చేతుల మీద పాకుతూ బయటికి వచ్చారు. ముక్కు, కళ్ళు కలిసి కారుతున్నాయి. అక్క దగ్గరికి రాబోయి, దగ్గు తెరలు తెరలుగా రావడంతో వెనక్కి పరిగెత్తింది.

ఈలోగా చెట్టు కింద కూర్చున్న ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. మిరపకాయలు ఆమెవి. పక్క ఊళ్ళో కౌలుకు వ్యవసాయం చేస్తారట.

"ఏందయ్యా ఇది? కాయలు మింగిద్దా ఈ బండి?" అంది.

బావగారు మాట్లాడే స్థితిలో లేరు. నేనే, "పొరపాటున జరిగిందమ్మా, నష్టం ఇచ్చేస్తాం," అన్నాను.

"నష్టం తర్వాత. ముందు ఆ ఫ్యాను ఆపమను. నా కాయలన్నీ మాడ్చేస్తంది."

"అది ఆపితే ఆగేది కాదమ్మా. కంప్యూటరు దాని ఇష్టం వచ్చినప్పుడు ఆపుద్ది," అన్నారు బావగారు ఎట్టకేలకు గొంతు తెచ్చుకుని. అంత దగ్గులోనూ ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. "ఇది మామూలు బండి కాదు. హైబ్రిడ్."

ఆమె ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "హైబ్రిడ్ అయితే ఇంక చెప్పేదేముంది. మొదటేడు బాగుంటది, రెండో ఏడుకి విత్తనానికి కూడా పనికి రాదు. అందుకనే నేను ఈ నాటు కాయ విత్తనానికి ఏరి పెట్టుకుంటే, మీరొచ్చి దాని మీద ఎక్కించారు."

విత్తనాల కాయ అని తెలిశాక నాకు నిజంగా బాధ వేసింది. డబ్బు ఇచ్చినా బజార్లో దొరికేది కాదది.

ఫ్యాన్లు తిరిగి తిరిగి ఆగాయి. కారు ఇక ఉలకలేదు, పలకలేదు. చక్రాలు బిగుసుకుపోయాయి, తోయడానికి కూడా లేదు. కంపెనీ సహాయ నంబరుకు ఫోను చేశాను. అవతల ఒకమ్మాయి చల్లటి గొంతుతో ఇంగ్లీషులో, పొగ ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఏ రంగు పొగ అంది. రంగు కాదు, ఘాటు అన్నాను. బ్యాటరీ కాలిన వాసనా, రబ్బరు కాలిన వాసనా, ఎలాంటి వాసనో వివరించమంది. తాలింపు వాసన అన్నాను. కాసేపు ఎవరితోనో మాట్లాడి వచ్చి, వెంటనే అందరూ దూరంగా వెళ్ళమనీ, అధిక వోల్టేజీ ప్రమాదం ఉందనీ, తమ ఇంజనీరు విమానంలో వచ్చే దాకా ఎవరూ కారును ముట్టుకోవద్దనీ చెప్పింది.

ఆ తర్వాత హైవే గస్తీ జీపు వచ్చింది. అందులోని పెద్దాయన దిగి, రెండు సార్లు తుమ్మి, ఇక్కడ బండి ఎందుకు ఆపారని అడిగాడు.

"ఎమర్జెన్సీ ల్యాండింగ్ కోసం కట్టిందే కదండీ ఇది," అన్నారు బావగారు. ఆయనకు నిజంగానే అది సమాధానంలాగా కనిపించింది. జీపాయన మిరపకాయల్లో ముక్కు దూర్చి ఉన్న కారును చూసి, నన్ను చూసి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఇంజనీరు వచ్చేది మర్నాడు సాయంత్రానికి. కారును వదిలి కదలనన్నారు బావగారు. కాయలను వదిలి కదలనంది ఆమె. ఎండకు రంగు వెలుస్తుందని ఆయన మార్టూరు నుంచి షామియానా తెప్పించి కారు మీద వేయించారు. దాని కింద ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలో ఆయన, ఇంకో పక్క గోనె సంచి మీద ఆమె. నేను కాలేజీకి సెలవు పెట్టి మధ్యలో ఉండిపోయాను. ఆ పక్క తింటే ఈ పక్కకు వాసన వచ్చేంత దూరం.

"ఎంత స్పీడు పోయిద్ది?" అని అడిగింది ఆమె ఒకసారి.

"మూడొందలు దాటుద్ది."

"ఎక్కడికి పోతారు?"

"ఎక్కడికి అని కాదమ్మా," అన్నారు బావగారు. "పోగలదు, అదీ సంగతి."

ఆమె తల ఊపింది. దాన్ని జ్ఞానమని పొరబడకండి. రెండో రోజు పొద్దున్నే పట్టుచీర తెప్పించి కట్టుకుంది. ఊరి నుంచి చుట్టాలను పిలిపించింది. "అదిగో, దాని కింద ఉన్నాయి నా కాయలు," అని ఒక్కొక్కరికీ చూపించింది. తలుపు రెక్క పక్కన నిలబడి నా చేత ఫొటోలు తీయించుకుంది. ఒకటి నచ్చక మళ్ళీ తీయించింది. సోడా బండి వచ్చింది. ఐస్ బండి వచ్చింది. వచ్చినవాళ్ళలో మైలేజీ అడగని వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నేను చూస్తూ కూర్చున్నాను. ఒక్క ముసలాయన అడగలేదు. ఆయనకు వినపడదట.

సాయంత్రం ఇంజనీరు దిగాడు, తెలుగువాడే. కంపెనీ గుర్తున్న చొక్కా, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, లాప్‌టాప్, ఒక పెట్టె. మా అందరినీ పది అడుగులు వెనక్కి నిలబెట్టి, కారు అడుగున బిగించిన రేకు విప్పి లోపలికి తల పెట్టాడు. పెట్టిన తల అంతే వేగంగా బయటికి తీసి, తుమ్ముతూ వెళ్ళి తను వచ్చిన ట్యాక్సీలో కూర్చున్నాడు. ఇంటి నుంచి మా భోజనాలు తెచ్చిన అక్క అతనికి మజ్జిగ ఇచ్చింది. తడి తువ్వాలు ముఖానికి కట్టుకుని మళ్ళీ దిగాడు. కరెంటు తీగలు వేరు చేశాక, భాగం విప్పినప్పుడల్లా మిరపకాయలు జలజల రాలాయి. ఆమె చేట పట్టుకుని పక్కనే కూర్చుంది. వేగనివి ఒక వైపు, వేగినవి ఇంకో వైపు వేరు చేసింది.

అంతా అయ్యాక అతను ఒక ప్లాస్టిక్ సంచిలో గుప్పెడు కాయలు వేసి సీలు వేయబోయాడు.

"నా కాయలు నీకెందుకయ్యా?" అంది ఆమె.

"ఫ్యాక్టరీకి పంపాలమ్మా. లోపల దొరికిన బయటి పదార్థం నమూనా పంపాలని రూలు."

"బయటి పదార్థం అంటున్నావేంది? బయటి నుంచి వచ్చింది నీ బండి. నా కాయ ఇక్కడిదే."

కాసేపు వాదన జరిగింది. చివరికి వేగిన కాయల్లోంచి గుప్పెడు ఇవ్వడానికి ఒప్పుకుంది. అవి విమానమెక్కి సముద్రాలు దాటి ఆ దొరల దగ్గరికి వెళ్ళాయి. సంచి ఎవరు తెరిచారో, తెరిచినవాడు ఏమయ్యాడో మాకు తెలియదు. కారుకు ముసుగు కప్పి పెద్ద లారీ మీద ఎక్కించుకుపోయారు.

మిరపకాయలు తినిపించిన కారుకు వారంటీ వర్తించదని కంపెనీ నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. ఆరు నెలలకు కారు తిరిగి వచ్చింది. అంతా మార్చారు, కడిగారు. అయినా ఏసీ వేస్తే మొదటి రెండు నిమిషాలూ ముక్కు మండుతుంది. ఈమధ్య కంపెనీ వాళ్ళ కొత్త మోడలు ఫొటోలు వచ్చాయి. ముందు నోళ్ళకు సన్నటి జాలీ కనిపించింది. అది తన వల్లే పెట్టారని బావగారు అందరికీ చెప్పుకుంటున్నారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

నష్టం డబ్బు ముట్టిందనీ, విత్తనాలకు మిగిలిన కాయలు చాలానే పనికొచ్చాయనీ ఆ కాయలావిడ ఫోనులో చెప్పింది. వేగిన వాటిని మాత్రం వెల్లుల్లి వేసి దంచి, ఒక సీసాలో బావగారికి పంపింది. అక్క ఇడ్లీలో అద్దుకుని తిని, ఇంత కమ్మగా పెనం మీద కూడా వేగదంది. బావగారు తినలేదు. హాల్లో అద్దాల బీరువాలో పెట్టి, వచ్చిన వాళ్ళకు చూపిస్తారు. "ఎనిమిది సిలిండర్ల మీద వేయించిన కారం," అంటారు. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి అది కారుకన్నా అరుదైనదని ఆయన లెక్క. వియ్యంకుడు వచ్చిన రోజు సీసా తీసి బల్ల మీదే పెట్టారు.

పోయిన నెల పరీక్షల డ్యూటీ మీద ఒంగోలు వెళ్తూ బస్సులో ఆ సిమెంటు రోడ్డు మీదుగా పోయాను. ఆవరణ అంచున కొత్త బోర్డు పాతారు. ఇక్కడ ధాన్యము, మిరప మొదలైనవి ఎండబోయుట నిషేధము అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని చుట్టూ మొక్కజొన్న పోశారు. గాలికి లేచిపోకుండా పట్టా తాడును ఆ బోర్డు కాలికే కట్టారు.